వెనక పిలుపు

మా నాన్న చీమకుర్తిలో ఒక నల్లరాయి క్వారీకి మేస్త్రి. అదే క్వారీ ఆఫీసులో నేను ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేసేదాన్ని. రాయి కొనడానికి విదేశాల నుంచి ఎవరైనా వస్తే వాళ్ళ మాట మా వాళ్ళకూ, మా వాళ్ళ మాట వాళ్ళకూ చెప్పేదాన్ని. తొంభైల చివరి సంగతి ఇది. ఒంగోలులో డిగ్రీ చదివినందుకు నాకా ఉద్యోగం వచ్చిందని నాన్న నమ్మకం. ఎండలో గోతి అంచున నిలబడి రాతిదుమ్ము మింగడానికి ఇంకే ఆడపిల్లా ఒప్పుకోలేదు కాబట్టి వచ్చిందని నా నమ్మకం.

అలా వచ్చేవాళ్ళలో ఒకాయనది స్విట్జర్లాండ్. వయసు యాభైకి దగ్గర పడుతోంది. గుమ్మంలోంచి రావాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఎడమ మోకాలు వంగదు. అక్కడ ఒక రాళ్ళ వ్యాపారి తరఫున వచ్చి, కొన్ని వారాలుండి, గోతిలోంచి కోసి పైకి తెచ్చిన పెద్ద రాళ్ళు, మేం బ్లాకులంటాం, వాటిని ఎంచి వెళ్ళేవాడు. ముందు బ్లాకు మీద నీళ్ళు పోయించేవాడు. పక్కన నిలబడి తడి ఆరేదాకా కదలకుండా చూసేవాడు. రాయంతా ఆరిపోయినా నెర్రె ఉన్నచోట సన్నటి తడిగీత మిగులుతుంది. ఆ గీత కనబడితే తల అడ్డంగా ఊపి పక్క బ్లాకు దగ్గరికి నడిచేవాడు. మా ఓనరు మొహం అప్పుడు చూడాలి.

రాయి ఆయనకు రెండో బతుకు. మొదటిది ఫుట్‌బాల్. డిఫెండర్‌గా ఆడాడు. ఆ మాట నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం అవస్థపడ్డాను.

"గోల్ వేసేవాడు కాదు నాన్నా. అవతలివాళ్ళని వెయ్యనివ్వకుండా అడ్డంపడేవాడు."

"కాపలా మనిషన్నమాట," అన్నాడు నాన్న. అప్పటినుంచి ఆయన మీద నాన్నకు గౌరవం పెరిగింది. పరుగెత్తి పేరు తెచ్చుకునేవాళ్ళంటే నాన్నకు మొదటినుంచీ పడదు.

మా వాళ్ళ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదనేది మన ఇళ్ళన్నిట్లో ఉన్నదే. "ఎక్కడికి" అని అడిగితే సగంమంది మొహం మాడ్చుకుంటారు. కాకపోతే అందరూ దాన్ని వీధి గుమ్మం దగ్గర వదిలేస్తారు. మా క్వారీవాళ్ళు గోతి దాకా తీసుకెళ్ళారు. గోతిలోకి దిగే మట్టిబాటను ర్యాంపు అంటారు. దాని మీద దిగుతున్న మనిషిని ఎవరూ వెనక నుంచి పిలవరు. చెప్పాల్సింది ఉంటే పరుగెత్తి, అతన్ని దాటి, ఎదురుగా నిలబడి చెప్పాలి. పరుగెత్తలేనివాళ్ళు చిన్న రాయి తీసి అతని ముందు పడేట్టు విసిరేవాళ్ళు. రాయి ఎక్కణ్ణించి వచ్చిందా అని అతనే తిరిగి చూస్తాడు. పొరపాటున ఎవరైనా పిలిస్తే, ఆ మనిషి వెనక్కి వచ్చేసి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ కొత్తగా బయలుదేరాలి.

ఇదంతా అందరిచేతా పాటింపజేసేది నాన్నే. ఎవరైనా నవ్వితే, "దిగేవాణ్ణి వెనక నుంచి పిలిచేది ఎవరో నీకు తెలుసేంట్రా?" అనేవాడు. ఎవరో మాత్రం చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు నాకా మాటంటే భయం. పెద్దయ్యాక చిరాకు. ఆ గోతిలో మాట ఎలాగూ తిన్నగా వినబడదు. అడుగున ఒకడు దగ్గితే అవతలి గోడ దగ్గర ఇంకొకడు దగ్గినట్టు ఉంటుంది. రాయి తొలిచే డ్రిల్లులకు గాలి కొట్టే కంప్రెషర్లు ఆగిన సమయాల్లో ఎవరి మాట ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు.

స్విస్సాయనలో నాకు మొదట అంతుబట్టనిది ఆయన వీపు. తల తిప్పేవాడు కాదు, కాని వెనక ఏం జరుగుతోందో తెలిసేది. టీ పట్టుకొచ్చే మనిషి ఇంకా షెడ్డు దాటకముందే చెయ్యి వెనక్కి చాపేవాడు. నేను చెప్పులు విప్పి మెల్లగా వెనక నిలబడినా, "ఈరోజు ఆలస్యమైంది నీకు," అనేవాడు. మొదట్లో సరదాగా ఉండేది. ఒకరోజు బ్లాకు మీద తడి ఆరేదాకా చూస్తూ చూస్తూ, "నా వెనక ఉన్నతన్ని కొంచెం జరగమను," అన్నాడు. చూశాను. ఆయన వెనక ఎవరూ లేరు. పనికిరాని రాళ్ళు పోసిన గుట్ట, దాని మీద ఎండ, అంతే.

"ఎవరూ లేరు సార్," అన్నాను.

"సరే," అన్నాడు. కాని ఎవరో దాటిపోవడానికి దారి ఇస్తున్నట్టు తనే ఒక అడుగు పక్కకు జరిగాడు.

ఆ రోజు నుంచి ఆయన వెనక నడవడం మానేశాను. పక్కన నడిచేదాన్ని.

మా వాళ్ళకు ఆయన ఆట నేర్పింది ఆ రోజుల్లోనే. ఒంగోలులో బంతి కొని తెచ్చాడు. ఆదివారాల్లో గుట్ట పక్కన చదును చేసిన చోట ఆడేవాళ్ళు. క్వారీ పనికొచ్చిన ఒరిస్సా కుర్రాళ్ళు ముందుండి పరుగెత్తేవాళ్ళు. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బంతి వెనకా, బంతిని తన్నినవాడి వెనకా పడేవాళ్ళు. గోల్‌కీపర్ కంప్రెషర్ ఆపరేటరు. చేతులు పెద్దవి, మనిషి నెమ్మది, నాన్నకు ఇష్టమైన పనివాడు.

ఒక ఆటలో అవతలి జట్టువాడు మా డిఫెండర్ వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చేస్తున్నాడు. గోల్‌కీపర్ చూశాడు. ఒక్క అరుపు అరిస్తే పోయేది. కాని మనవాడు అరవలేదు. గోల్ వదిలేసి పరుగెత్తాడు. డిఫెండర్ని దాటి, చుట్టూ తిరిగి, ఎదురుగా నిలబడి, "అన్నా, నీ యెనక మనిషొస్తన్నాడు," అని మర్యాదగా చెప్పాడు. అప్పటికి బంతి వెళ్ళి ఖాళీ గోల్ అవతల తుమ్మచెట్ల కింద పడింది.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. స్విస్సాయన కూడా మొదట నవ్వాడు. తర్వాత ఆయన మొహం మారిపోయింది. కుంటుకుంటూ వెళ్ళి ఆ కుర్రాడి భుజాలు పట్టుకున్నాడు.

"అరవాలి. వెనక ఉన్నవాడు అరవాలి. అరవకపోతే మనుషులు చస్తారు," అన్నాడు. ఆదివారం ఆటకు అంత మాటెందుకని అనుకున్నాను. అయినా తెలుగులో చెప్పాను.

తర్వాతి వారాల్లో వాళ్ళచేత అరిపించాడు. "వెనక!" అని ఒకడు, "వెనక!" అని ఇంకొకడు. ఆ కేకలు గోతి గోడలకు తగిలి తిరిగొచ్చేవి. నాన్న వచ్చి ఆట ఆపించాడు.

"ఆట నేర్పుకోమను. నాకేం అడ్డం లేదు. ఈ అరుపులు మాత్రం పనిలోకొస్తే ఊరుకోను," అన్నాడు నాన్న.

"వెనక నుంచి వచ్చే మాట మనిషిని కాపాడుతుందని చెప్పు," అన్నాడు ఆయన.

"కాపాడేది వేరు, పిలిచేది వేరని చెప్పు."

ఇద్దరూ నా నోటితో బాగా పోట్లాడుకున్నారు. ఎవరి కోపం వాళ్ళది. గొంతు ఎండిపోయింది మాత్రం నాకు. చివరికి ఆట గుట్ట దగ్గరే ఉండాలనీ, గోతిలో నాన్న మాటే చెల్లాలనీ ఒప్పందమైంది. ఆ పోట్లాట తర్వాతే ఇద్దరికీ స్నేహం కుదిరింది. మధ్యాహ్నం షెడ్డులో పక్కపక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు. నాన్న క్యారేజీలో పండుమిరపకాయ పచ్చడి చూస్తే ఆయన కుర్చీ కొంచెం దూరం జరుపుకునేవాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం నాన్న, "ఆ కాలికేమైందో అడగమ్మా," అన్నాడు.

ఆయన చాలాసేపు చెప్పాడు. ఆగి ఆగి చెప్పాడు. నేను ముక్క ముక్కగా నాన్నకు చెప్తూ పోయాను.

వాళ్ళది సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు. చిన్నప్పుడు అందరికంటే నెమ్మదిగా పరుగెత్తేవాడు. అందుకే వెనక నిలబెట్టారు. పొద్దున రాళ్ళు కోసే చోట పని, సాయంత్రం ఆట. అప్పట్లో వాళ్ళ దేశంలో ఆట ఒక్కదానితో కడుపు నిండేది కాదట. ముందు కింది తరగతి క్లబ్బు, తర్వాత దానికంటే మంచిది. ఆడినన్నాళ్ళూ తను బంతిని చూడలేదన్నాడు. ఎదురుగా వచ్చేవాడి నడుమును చూసేవాడట. కాళ్ళు ఒకవైపు చూపించి ఇంకోవైపు పోతాయి, నడుము అలా చెయ్యలేదు.

"ముందున్నవాణ్ణి చూడొచ్చు. వెనకున్నవాణ్ణి చూసేది గోల్‌కీపర్. అతను అరుస్తాడు, నేను తిరుగుతాను. ఏళ్ళ తరబడి ఒకే గోల్‌కీపర్‌తో ఆడాను. అతని గొంతు వింటే చాలు, కళ్ళు మూసుకుని తిరిగేవాణ్ణి," అన్నాడు.

చలికాలం మొదట్లో వాళ్ళ ఊళ్ళమీద పొగమంచు దిగి రోజుల తరబడి కదలదట. అలాంటి రోజున ఒక ఆట. ఆపాల్సిన ఆటే, ఆపలేదు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడటం లేదు. మనుషులు ఉన్నట్టుండి తెల్లగా వచ్చి తెల్లగా పోతున్నారు. అప్పుడు వెనక నుంచి, దగ్గరగా, "నీ వెనక," అని వినబడింది. తిరిగి కాలు చాపాడు. పొగమంచులోంచి బంతి వచ్చి ఆ కాలికే తగిలింది. లేకపోతే గోలే. ఆట అయ్యాక గోల్‌కీపర్ దగ్గరికి వెళ్ళి భుజం తట్టాడు. గోల్‌కీపర్‌కు అర్థం కాలేదు.

"నువ్వు నాకసలు కనిపించలేదు. నేను నోరే విప్పలేదు," అన్నాడట.

ఇది చెప్తుంటే నా చేతిమీద వెంట్రుకలు లేచాయి. బయట ఏప్రిల్ ఎండ. షెడ్డు రేకులు టపటపమంటున్నాయి. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ గొంతు తర్వాత కూడా వచ్చింది. తరచుగా కాదు. వచ్చినప్పుడల్లా ఆయన తిరిగాడు, తిరిగిన ప్రతిసారీ అక్కడ మనిషి ఉన్నాడు. ఆయన వీపుకు కళ్ళున్నాయని పేపర్లు రాశాయి. దేశం జట్టుకు పిలిచారు. గెలిచినవెన్ని అని అడిగాను. ఓడినవి చెప్పడం తేలికన్నాడు.

"పేరు నాది, సంపాదన ఆ గొంతుది," అన్నాడు.

అలా ఉన్నవాడు ఒకసారి నోరు జారాడు. జట్టులో ఒకరికి చెప్పాడు. ఒకరికి చెప్తే అందరికీ తెలిసింది. బట్టలు మార్చుకునే గదిలో వెనకనుంచి వచ్చి చెవిలో "నీ వెనక" అని గుసగుసలాడి నవ్వేవాళ్ళు. కోచ్ డాక్టరు దగ్గరికి పంపాడు. ఏళ్ళ తరబడి వీపు వెనక భయం పెట్టుకుని ఆడినవాడికి నరాలు అలా అవుతాయని డాక్టరు చెప్పాడు. ఈసారి వినబడితే తిరగొద్దు, తిరగడం మానేస్తే అదే పోతుందన్నాడు.

తర్వాత ఒక ఆటలో మళ్ళీ వచ్చింది. ఆయన తిరగలేదు.

బంతి పైకి లేచింది. దాన్ని చూస్తూ ఆయన వెనక్కి అడుగేశాడు. అదే బంతి కోసం గోల్‌కీపర్ వెనకనుంచి పరుగెత్తుకొస్తున్నాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. ఈయన మోకాలు పోయింది. గోల్‌కీపర్ మెడ విరిగింది. మెడ కిందనుంచి ఒళ్ళు మళ్ళీ కదల్లేదు. అరిచావా అని ఆస్పత్రిలో ఎవరో అడిగితే, అరిచే సమయమే లేదన్నాడట గోల్‌కీపర్.

"అంటే నేను విన్నది అతన్ని కాదు. డాక్టరు చెప్పింది నిజమైతే అక్కడ ఏ గొంతూ లేదు. లేనిదాని మాట విననందుకు ఎవరూ తప్పుపట్టరు. ఆ ఒక్క మాట మీద బతుకుతున్నాను," అన్నాడు. "మళ్ళీ అతన్ని చూడటానికి వెళ్ళలేదు. వెళ్తే అడుగుతాడు, విన్నావా అని."

చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. ఆ గొంతు లేకపోతే జరిగింది ప్రమాదం. ఉంటే, ఆ మనిషి మంచాన పడింది ఈయన తిరగనందుకు.

నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. "డాక్టరు తప్పు చెప్పాడు," అన్నాడు మెల్లగా. ఏమన్నాడని ఆయన నన్నడిగాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడని చెప్పాను.

అది జరిగిన రెండు రోజులకు ఆయన తిరుగు ప్రయాణం. సాయంత్రం ఒంగోలులో మద్రాసు రైలు. పొద్దున చివరిసారి బ్లాకులు చూడటానికి వచ్చాడు. టీ వేళకు కంప్రెషర్లు ఆగాయి. ఆ ఆగడమే ఒకరకంగా ఉంటుంది. పొద్దుట్నించీ చెవుల్లో ఉన్న రొద పోయాక, మిగిలిన నిశ్శబ్దం కొత్తగా ఎవరో వచ్చి నిలబడినట్టు తోస్తుంది. నాన్న ఒక్కడే ర్యాంపు మీద దిగుతున్నాడు. ముందురోజు కోసిన గోడ కింద నిలబడి కొలత చూడాలి. మేమంతా పైన ఉన్నాం. నేనూ ఆయనా ఒక బ్లాకు దగ్గర, మిగతావాళ్ళు షెడ్డు దగ్గర టీ తాగుతున్నారు.

నాన్న సగం దారిలో ఆగాడు. ఒకసారి తిరిగి పైకి చూశాడు. తర్వాత గబగబా ఎక్కి వచ్చేశాడు. కోపంతో మొహం ఎర్రబడింది.

"ఎవర్రా పిలిచింది?"

వాళ్ళు గ్లాసులు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వా?" అన్నాడు నాతో.

"లేదు నాన్నా. ఎవరూ పిలవలేదు."

"పిలవకుండానే వినపడిద్దా?" అని విసుక్కుంటూ నూనె డ్రమ్ము మీద కూర్చున్నాడు. పద్ధతి పద్ధతే కదా, మంచినీళ్ళు అడిగాడు. మా గోల్‌కీపర్ కుర్రాడు చెంబు తెచ్చి ఇచ్చాడు. నాన్న తలెత్తి పోసుకుంటున్నాడు.

మొదట నా పాదాలకు తెలిసింది. నేల అదిరింది. తర్వాత శబ్దం. ఆ గోడలోంచి ముక్క ఒకటి, లారీ అంతది, జారి కింద పడింది. దుమ్ము పైదాకా లేచింది. అది తగ్గేసరికి నాన్న నిలబడాల్సిన చోటు లేదు. అక్కడంతా రాయే ఉంది.

ఎవరూ కేకెయ్యలేదు. నేను ఉన్నచోటే కూర్చుండిపోయాను. నాన్న చెంబు అలాగే పట్టుకుని గోతివైపు చూస్తున్నాడు.

"ఒరే చిన్నోడా అని పిలిచింది," అన్నాడు, ఎవరితోనో కాకుండా. "ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారు?"

నిజమే. ఎవరూ లేరు. అలా పిలిచే నాయనమ్మ పోయి చాలా కాలమైంది.

పనివాళ్ళు దణ్ణాలు పెట్టుకుంటున్నారు. స్విస్సాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"మీ నాన్న ఎందుకు పైకి వచ్చాడు? ఏదైనా విన్నాడా, ఊరికే వచ్చాడా? అడుగు. సరిగ్గా అడుగు," అన్నాడు.

ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. జవాబు నా చెవులతో విన్నాను కూడా. నాన్న నోటినుంచి అవును అనే మాట వస్తే ఆయన ఏమవుతాడోనని భయం వేసింది.

"ఏమంటన్నాడు?" అన్నాడు నాన్న.

చెప్పాను. నాన్న ఆయన్ని చూశాడు. ఆ వంగని మోకాలును చూశాడు. నాన్న ఆలోచించడం నాకు కనబడింది. అంతమంది దేవుడి దయ అంటున్న చోట, తన బతుకులో జరిగిన అంత పెద్ద సంగతిని ఆయనకు చెప్పకుండా లోపలే పట్టుకుని నిలబడ్డాడు.

"మంచినీళ్ళ కోసం వచ్చానని చెప్పు."

"నాన్నా..."

"చెప్పమ్మా. పొద్దున పచ్చడి కారమైంది, దాహమేసింది, వచ్చా. ఎవరూ పిలవలేదు, నేనేం వినలేదు. నవ్వుతా చెప్పు."

నవ్వుతూ చెప్పాను. ఆయన ఊపిరి వదిలాడు. ఆ పచ్చడికి దణ్ణం పెట్టాలన్నాడు, నిజంగానే చేతులు జోడించాడు కూడా. మా నాన్న మీద నాకు అంత ప్రేమ ముందెప్పుడూ కలగలేదు. పక్కకు తిరిగాను.

మధ్యాహ్నం మూడు దాటాక బయలుదేరాం. ఆయన్ని రైలు ఎక్కించి రావడం నా పని. షెడ్డుకు కొంచెం దిగువన సుమో ఆగి ఉంది. ఆయన నాన్నతో చెయ్యి కలిపి ముందు నడిచాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్న షెడ్డులో నిలబడి చూస్తున్నాడు.

సుమో తలుపు మీద చెయ్యి వేసినవాడు ఆగిపోయాడు. తిరిగాడు. నన్ను కాదు, నా మీదుగా వెనక్కి చూశాడు.

"పిలిచారా?" అన్నాడు.

నాకేమీ వినబడలేదు. ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను. గాలి కూడా లేదు.

ఆయన తిరిగిన తీరు నాన్న షెడ్డులోంచి చూశాడు. చెప్పనక్కర్లేకపోయింది. నాలుగు అంగల్లో వచ్చేశాడు. నాన్న మొహం అంత తెల్లబోవడం గోడ కూలినప్పుడు కూడా నేను చూడలేదు.

"నేనే పిలిచానని చెప్పు," అన్నాడు నాతో, ఆయన్ని చూసి నవ్వుతూ. "కూర్చుని మంచినీళ్ళు తాగి ఎల్లమను."

చెప్పాను. ఆయన నాన్నను చాలాసేపు చూశాడు. తర్వాత షెడ్డులోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నాన్న స్వయంగా గ్లాసు అందించాడు. తాగాక ఇంకోటి అందించాడు. రైలుకు టైమవుతోందని డ్రైవరు హారన్ కొట్టాడు. నాన్న పట్టించుకోలేదు. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు ఎండ ఉంటుందా అని అడగమన్నాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడని అడగమన్నాడు, ఆయన పిల్లలేం చదువుతున్నారని అడగమన్నాడు. మా నాన్న ఎవరినీ అన్ని ప్రశ్నలు అడగడం నేను చూడలేదు. గ్లాసు కింద పెట్టే చప్పుడు తప్ప ఇంకేం వినబడ్డా నేను ఉలిక్కిపడేదాన్ని.

చివరికి, "ఇక ఎల్లండి. మెల్లగా పొమ్మను," అన్నాడు.

క్వారీ రోడ్డు ఒంగోలు రోడ్డును కలిసే మలుపు దగ్గర సుమో ఆగింది. ముందు లారీ ఒకటి వాలి నిలబడి ఉంది. బ్లాకును కట్టిన గొలుసు తెగింది. బ్లాకు రోడ్డుకు అడ్డంగా, మేము పోవాల్సిన వైపు పడి ఉంది. దాని చుట్టూ దుమ్ము ఇంకా పైనే ఉంది. లారీ డ్రైవరు బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసి పారేస్తున్నాడు.

"ఇప్పుడే. ఇప్పుడే పడిందమ్మా," అన్నాడు.

రోడ్డు పక్కన ఎవరో మిరపకాయలు ఆరబోసుకున్నారు. బ్లాకు వాటి మీదుగా దొర్లింది. నలిగిన మిరప ఘాటు గాలంతా నిండింది. అందరం దగ్గుతున్నాం, అందరి కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి. స్విస్సాయన దిగి బ్లాకు దాకా వెళ్ళాడు. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లోంచీ నీళ్ళే. అవి మిరప ఘాటు వల్ల వచ్చినవో కాదో చెప్పలేను.

నేను పక్కకు వెళ్ళి నిలబడ్డాను.

"మీ నాన్న ఎవరినీ వెనక నుంచి పిలవడు," అన్నాడు.

ఆయన నన్నేమీ అడగలేదు. అందుకని నేనేమీ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని మాటలన్నా ఇంకో భాషలోకి తిప్పేశాను. దీన్ని ఎటు తిప్పాలో తెలియలేదు. నాన్న చెప్పించిన అబద్ధం, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండూ ఆ రోడ్డు మీద మా కళ్ళముందే పడి ఉన్నాయి. ఆయనకు అంతా తెలిసిపోయింది. గోతిలో నాన్న ఏం విన్నాడో తెలిసింది. పొగమంచులో తనను పిలిచిందీ, ఆ చివరి ఆటలో పిలిచిందీ లేనిది కాదని తెలిసింది.

సుమో మెల్లగా పక్క మట్టిలోకి దిగి బ్లాకును దాటింది. కాలు చాపుకోవాలి కాబట్టి ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. ఆయన మెడ వెనక భాగం నాకు కనబడుతోంది. చెమటతో తడిసి ఉంది.

"గోల్‌కీపర్ ఇంకా బతికే ఉన్నాడు," అన్నాడు చాలా దూరం పోయాక. "వెళ్తాను. అడుగుతాడు. విన్నానని చెప్తాను."

పొలాల మీద సాయంత్రం దిగుతోంది. పత్తి తీసేసిన మోళ్ళు వరసగా వెనక్కి పోతున్నాయి. ఆయన చెయ్యి ముందున్న కమ్మీని బిగించి పట్టుకోవడం చూశాను.

"నువ్వు మాట్లాడుతూ ఉండు," అన్నాడు, వెనక్కి తిరక్కుండా. "ఏ భాషైనా సరే. ఆపకు. నా వెనక వినబడేది నీ గొంతని నాకు తెలియాలి."

తెలుగులో మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. మిరప రేటు, మా అమ్మ మోకాళ్ళ నొప్పి, ఆఫీసు టైపు మిషనులో పడని అక్షరం, ఏది నోటికి వస్తే అది. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ఆయన భుజాలు బిగుసుకునేవి. అందుకని ఒంగోలు స్టేషను వచ్చేదాకా నేను ఆపలేదు.